గుంకలాం: ప్లాట్ల లెక్క, మనుషుల లెక్క

విజయనగరం మండలం గుంకలాంలో 2020 డిసెంబరు 30న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి ఇళ్ల పట్టాల పంపిణీకి వచ్చిన రోజున అందరి నోటా వినిపించిన అంకెలు రెండే: 397 ఎకరాలు, 12,301 ప్లాట్లు. ‘నవరత్నాలు – పేదలందరికీ ఇళ్లు’ పథకం కింద రాష్ట్రమంతటా వేసిన సుమారు 17 వేల లేఅవుట్లలో ఇది అతి పెద్దవాటి వరుసలో నిలుస్తుంది. ఇంటికి నలుగురు చొప్పున లెక్కగడితే, అన్ని ఇళ్లూ పూర్తయి అందరూ కాపురానికి వచ్చిన నాడు అక్కడ 49 వేల మంది ఉండాలి. 2011 జనగణనలో సాలూరు పట్టణ జనాభా ఇంచుమించు ఇంతే. ఒడిశా కొండలకూ మైదానానికీ నడుమ సంతగా, లారీల ఊరుగా తరాల తరబడి పెరిగిన సాలూరంత పట్టణాన్ని, కొన్ని నెలల వ్యవధిలో రాళ్లు పాతి, రోడ్లు గీసి, విజయనగరం శివారున కాగితం మీద నిలబెట్టారన్నమాట.

ఆ కాగితం మీది పట్టణానికీ, రాత్రి దీపాలు వెలిగే పట్టణానికీ మధ్య ఉన్న దూరాన్ని ఎవరూ సక్రమంగా కొలవడం లేదు. పాలకపక్షం మంజూరైన ఇళ్లను లెక్కపెడుతుంది, ప్రతిపక్షం మొండిగోడలను లెక్కపెడుతుంది; గత ఐదారేళ్లలో ఈ రెండు పాత్రలూ చేతులు మారాయి తప్ప లెక్కపెట్టే పద్ధతి మారలేదు. ఏ రాత్రి ఎంతమంది అక్కడ నిద్రపోతున్నారు, వారిలో పిల్లలెందరు, ముసలివారెందరు, తెల్లవారి ఎటువైపు పనికి వెళ్తున్నారు అన్న ప్రశ్నలు గృహనిర్మాణ శాఖ సమీక్షల్లోకి రావు. పునాది స్థాయి, రూఫ్ స్థాయి, పూర్తి అన్న మూడు గడులు నిండితే సమీక్ష అయిపోయినట్టే. ఒక శివారు కాలనీ ఊరుగా మారిందా లేదా అన్నది మాత్రం ఆ మూడు గడుల్లో ఎక్కడా తేలదు.

నిజానికి ముందుగా గీత గీసి ఊరు కట్టడం ఉత్తరాంధ్రకు కొత్త విద్య కాదు. విజయనగరమే అలా పుట్టింది. పూసపాటి వారు కుమిలి నుంచి రాజధానిని తరలించి 1713లో కోట కట్టడం మొదలుపెట్టినప్పుడు విజయరామరాజు పేరు, విజయదశమి, జయవారమైన మంగళవారం అన్నీ కలిసొచ్చాయని స్థానికంగా గర్వంగా చెప్పుకుంటారు. ముహూర్తబలం మాట ఎలా ఉన్నా, ఆ కోట చుట్టూ పేటలు నిండటానికి కారణం కొలువు. సిపాయికి జీతం, నేతగాడికి బేరం, పండితుడికి అగ్రహారం, గాయకుడికి సంభావన దొరికే చోటుకి జనం వచ్చారు. రాజు ఇళ్లు పంచిపెట్టలేదు. పని పుట్టించాడు, ఇళ్లు వాటంతట అవి లేచాయి.

ఆ కోటకు మైలు దూరాన, పెద్ద చెరువుకు ఆవల మెట్టనేల మీద కంపెనీవారి కాలంలో వెలసిన కంటోన్మెంటును ఈ ఊరి తొలి శివారు అనవచ్చు. కోటకు దూరంగా, గాలి తగిలే ఎత్తున, తిన్నని వీధులతో, విశాలమైన ఆవరణల బంగళాలతో దాన్ని కట్టారు. అక్కడున్నదీ బయటినుంచి తెచ్చిపెట్టిన జనాభాయే. రెజిమెంటు ఉన్నంతకాలం దాని వెనక బజారు, చాకళ్లు, మంగళ్లు, బట్లర్లు, గుర్రాలవాళ్లు ఉన్నారు. రెజిమెంట్లు పోయాక కూడా ఆ ప్రాంతం పాడుపడకపోవడానికి కారణం, కచేరీలూ అధికారుల నివాసాలూ అటువైపు ఉండటమే. 1888లో పురపాలక సంఘం ఏర్పడే నాటికి విజయనగరం అంటే కోట ఒకవైపు, కంటోన్మెంటు ఒకవైపు, నడుమ చెరువు. ఇవాళ్టి నగరపాలక సంస్థ ఎంత విస్తరించినా ఆ రెండు కొనల మధ్య సాగిన లాగుడు ఊరి ఆకారంలో ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.

ఇంకా దగ్గరి కాలానికి వస్తే, జిల్లాలో పరిశ్రమ కట్టిన ఊళ్లు రెండున్నాయి. చంపావతి ఒడ్డున 1920 ప్రాంతంలో జూట్‌మిల్లు వచ్చాక నెల్లిమర్ల కార్మికుల ఊరైంది. చుట్టుపక్కల పల్లెల్లోని గోగునార రైతుకూ, మిల్లు షిఫ్టుల కూలీకీ అది ఒకేసారి ఆధారమైంది. గరివిడి పరిసరాల్లో 1892 నుంచే మాంగనీసు తవ్వకాలు సాగుతుండగా, స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశాబ్దంలో ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషన్ కర్మాగారం రావడంతో దాన్ని ఆనుకుని శ్రీరామ్‌నగర్ క్వార్టర్లు వెలిశాయి. ఈ రెండు చోట్లా మనిషి ముందు హాజరుపట్టీలో చేరి, ఆ తర్వాత ఇంట్లో చేరాడు. అందుకే లాకౌటు పడిన ప్రతిసారీ నెల్లిమర్లలో కిరాణా కొట్టు అరువు పెరిగింది, అద్దె ఇళ్లు ఖాళీ అయ్యాయి, కుటుంబాలు విశాఖకో హైదరాబాదుకో కదిలాయి. పని మీద కట్టిన ఊరికి ఉండే బలమూ బలహీనతా రెండూ అవే.

ఇక ప్రభుత్వం కట్టిన కాలనీల కథ వేరు. హౌసింగ్ బోర్డు కాలనీలు జిల్లా కేంద్రాల్లో ప్రధానంగా ఉద్యోగుల కోసం వచ్చాయి. 1978లో ఏర్పడిన విశాఖపట్నం పట్టణాభివృద్ధి సంస్థ, అందరి నోటా వుడా, తన పరిధిని విజయనగరం దాకా చాచి లేఅవుట్లు వేసింది. వాటిలో ప్లాటు కొన్నవారు చాలామంది వెంటనే ఇల్లు కట్టలేదు. పదవీ విరమణ నాటికి పనికొస్తుందనో, కూతురి పెళ్లికి అమ్మవచ్చనో ఉంచుకున్నారు. ఏళ్ల తరబడి అక్కడ తుమ్మచెట్లు పెరిగాయి. మధ్యతరగతి ప్లాటు ఖాళీగా ఉంటే దాన్ని పెట్టుబడి అన్నాం, పేదవాడి ప్లాటు ఖాళీగా ఉంటే ప్రజాధనం వృథా అంటున్నాం. ఈ రెండు నాల్కల ధోరణిని పక్కన పెడితే తప్ప గుంకలాం వంటి చోట్లను సరిగ్గా చూడలేం. పట్టణం పక్కనే ఉండి, ఉద్యోగుల చేతుల్లో ఉన్న వుడా లేఅవుట్లు నిండటానికే అంతకాలం పట్టినప్పుడు, కూలి మీద బతికేవారి లేఅవుట్ రెండు మూడేళ్లలో నిండలేదని ఆశ్చర్యపోవడం అన్యాయం.

1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడిన తర్వాత పేదల ఇళ్లు ఒక నిరంతర కార్యక్రమంగా మారాయి. ఎనభైల్లోని పక్కా ఇళ్లు, 2006 నుంచి ఇందిరమ్మ ఇళ్లు చాలావరకు ఉన్న ఊరిని ఆనుకునే వచ్చాయి. పూరిల్లు తీసి అదే జాగాలో శ్లాబు వేసుకున్నవారూ లెక్కలేనంతమంది. పాత ఇరుగుపొరుగు, పాత కిరాణా, పాత బడి అలాగే ఉండిపోయాయి, గోడలు మాత్రం మారాయి. ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టిన అపార్టుమెంట్లు ఆ పద్ధతిని మార్చి, పట్టణ పేదలను సారిపల్లి, సోనియానగర్ వంటి చోట్ల మూడంతస్తుల పైకి ఎక్కించాయి. గుంకలాం దానికి ఇంకో అడుగు ముందుకు, అంటే ఊరికి మరింత దూరంగా వేసింది. భూమి ధర పెరిగేకొద్దీ పేదవాడి చిరునామా బయటికి జరుగుతూ వచ్చిందన్నది ఈ వరుసలో స్పష్టంగా కనిపిస్తుంది. భోగాపురం విమానాశ్రయం పుణ్యమా అని విజయనగరం చుట్టుపట్ల జిరాయితీ భూమి ధరలు ఎక్కడికి వెళ్లాయో తెలిసినవారికి, పట్టణం నడిబొడ్డున పేదలకు స్థలం ఎందుకు దొరకలేదో వేరే చెప్పనక్కర్లేదు.

స్థలం సంగతి చూద్దాం. పట్టణ లబ్ధిదారుకు ఇచ్చింది సెంటు, గ్రామీణ లబ్ధిదారుకు సెంటున్నర. సెంటు అంటే 48.4 గజాలు, అంటే 435.6 చదరపు అడుగులు. అందులో కట్టమన్న ఇల్లు 340 చదరపు అడుగులు. అంటే స్థలంలో దాదాపు ఎనభై శాతం కప్పు కిందికి పోతుంది. మిగిలినదాంట్లో మెట్లు, మరుగుదొడ్డి గొయ్యి, గోడకూ గోడకూ మధ్య సందు. పెరడు అన్న మాటకు అక్కడ చోటు లేదు. మేక కట్టుకోవడానికి, కట్టెల పొయ్యి వెలిగించుకోవడానికి, పెళ్లయిన కొడుక్కి పక్కన ఒక వసారా దించుకోవడానికి వీల్లేని ఇల్లు ఉత్తరాంధ్ర పేదకుటుంబానికి ఇల్లు కాదనను. కాని అది ఒక్క తరానికి మాత్రమే సరిపోయే ఇల్లు. ఇద్దరు కొడుకులుంటే రెండోవాడు బయటికి వెళ్లాల్సిందే, లేదా పైన అంతస్తు వేయాల్సిందే. 2021 అక్టోబరులో హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ఈ ఇరుకును తీవ్రంగా తప్పుపట్టింది. ఆ తీర్పును కొద్ది వారాల్లోనే ద్విసభ్య ధర్మాసనం పక్కనపెట్టింది. 2024లో వచ్చిన ప్రభుత్వం ఇకమీదట పట్టణాల్లో రెండు సెంట్లు, గ్రామాల్లో మూడు సెంట్లు అంటున్నది. మంచిదే, అయితే గుంకలాంలో ఇప్పటికే రాళ్లు పాతిన వేల ప్లాట్లకు ఆ మాట వర్తించదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడాలి. 12,301 ప్లాట్లు, ఒక్కొక్కటి సెంటు చొప్పున అనుకుంటే మొత్తం 123 ఎకరాలు. లేఅవుట్ విస్తీర్ణం 397 ఎకరాలు. అంటే ఇళ్ల కిందికి పోయింది మూడోవంతుకన్నా తక్కువ. మిగిలినదంతా వాడుకోదగ్గ నేల అని కాదు. రోడ్లు, కాలువలు, వాలు, గట్లు అన్నీ అందులోనే ఉంటాయి. అయినా సరే, ఇంటి లోపల పిసినారితనం చూపిన ఈ నక్షా ఇంటి బయట అంత పిసినారి కాదు. ఆ ఉమ్మడి నేలలో బడి, సంత, ఆటస్థలం, బస్సు తిరిగే చోటు, చెట్లు వస్తే ఇంట్లో దొరకని పెరడు వీధిలో దొరుకుతుంది. రాకపోతే అది ముందు తుప్పల పాలు, ఆ తర్వాత ఆక్రమణల పాలు అవుతుంది. గుంకలాం గురించి ఇంతకాలం జరిగిన చర్చ అంతా సెంటు చుట్టూనే తిరిగింది; ఆ 270 ఎకరాల పైచిలుకు గురించి మాట్లాడినవారు తక్కువ.

ఇప్పుడు మనుషుల సంగతి. ఈ జిల్లాల జనాభా తీరు తెలియకుండా ఇక్కడి ఇళ్ల లెక్క అర్థం కాదు. 2001లో 22,49,254గా ఉన్న ఉమ్మడి విజయనగరం జిల్లా జనాభా 2011 నాటికి 23,44,474 అయింది. పదేళ్లలో పెరుగుదల 4.23 శాతం. పక్కనే ఉన్న శ్రీకాకుళం జిల్లాలో, 27,03,114 మందితో, అది ఆరున్నర శాతం. విజయనగరం పెరుగుదల రాష్ట్ర సగటులో సగం దరిదాపుల్లోనే ఉంది. ఇక్కడ పిల్లలు తక్కువగా పుట్టడం ఒక్కటే దీనికి కారణం అనుకోవడానికి లేదు. పుట్టినవారు పెరిగి పెద్దయ్యాక ఇక్కడ ఉండకపోవడం అసలు కారణం. ప్రతి వెయ్యి మంది మగవారికి విజయనగరంలో 1019 మంది, శ్రీకాకుళంలో 1015 మంది ఆడవారు నమోదు కావడంలో మగవారి వలస పాత్ర కొంతైనా ఉంది. హైదరాబాదులో సెంట్రింగు, చెన్నైలో భవన నిర్మాణం, విశాఖలో కాపలా ఉద్యోగం, గుజరాత్ తీరాన వెరావల్‌లో పడవల మీద వేట. ఈ జిల్లాల మగవాడి పని ఏడాది పొడవునా ఇంటి దగ్గర ఉండదు.

అటువంటి చోట పట్టా ఇచ్చినంత మాత్రాన కాపురం వచ్చినట్టు కాదు. లబ్ధిదారు పేరు ఆడమనిషిది. ఈ పథకంలో నిస్సందేహంగా మెచ్చుకోదగిన అంశం అదే, ఎందుకంటే తాగుడుకో అప్పుకో ఇల్లు తాకట్టు పడే ప్రమాదాన్ని అది కొంతైనా తగ్గిస్తుంది. అయితే ఆ ఆడమనిషి ఇంతకాలం పట్టణంలో అద్దెకు ఎందుకు ఉంది? తెల్లవారి ఆరింటికి ఒక ఇంట్లో, ఎనిమిదింటికి మరో ఇంట్లో అంట్లు తోమి, గుడ్డలుతికి, నడిచి ఇంటికి రాగలిగే దూరం కోసం. భర్త గంటస్తంభం దగ్గరో మూడు లాంతర్ల దగ్గరో అడ్డామీద నిలబడి మేస్త్రి పిలుపు అందుకునే దూరం కోసం. గుంకలాంలో అద్దె మిగులుతుంది, నిజమే. ఆ మిగులులో ఆటో ఎంత తింటుంది, ఉదయం మొదటి ఇంటి పని పోతే ఎంత తగ్గుతుంది, బడి మార్చిన పిల్ల ఎన్ని రోజులు ఇంట్లో కూర్చుంటుంది అన్నవి తీసేస్తే తేలేదే అసలు లాభం. ఈ తీసివేత ప్రతి కుటుంబమూ మనసులోనే చేసుకుంటుంది. లాభం తేలినవారు వెళ్తారు. తేలనివారు గోడలు లేపి, శ్లాబు వేసి, తాళం పెట్టి, పాత అద్దె ఇంట్లోనే ఉంటారు. అధికారిక లెక్కలో అది పూర్తయిన ఇల్లే.

డబ్బు సంగతి కూడా ఇందులో కలిసే ఉంది. యూనిట్ ధర 1.80 లక్షలు. డ్వాక్రా మహిళకు తక్కువ వడ్డీకి మరో 35 వేలు అప్పు, ఉచిత ఇసుక. ఈ మొత్తంతో 340 చదరపు అడుగుల శ్లాబు ఇల్లు గృహప్రవేశం దాకా వెళ్లదని ఏ తాపీ మేస్త్రి అయినా చెబుతాడు. బిల్లు దశలవారీగా పడుతుంది కాబట్టి ముందు చేతి డబ్బు పెట్టగలిగినవారి ఇల్లు ముందుకు వెళ్తుంది, లేనివారిది పునాది దగ్గర ఆగుతుంది. 2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం అసంపూర్తి ఇళ్లకు బీసీ, ఎస్సీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు, ఆదిమ తెగల గిరిజనులకు లక్ష చొప్పున అదనంగా ఇస్తామని ప్రకటించడం ఈ వాస్తవాన్ని ఒప్పుకోవడమే. దీని పర్యవసానం జనాభాలో కనిపిస్తుంది: ఇలాంటి లేఅవుట్లలోకి ముందుగా వచ్చేది పేదల్లో కాస్త కలిగినవారు, అంటే ఇంట్లో ఇద్దరు సంపాదించేవారు, దుబాయిలోనో హైదరాబాదులోనో ఒకరున్నవారు. అందరికన్నా నిరుపేద, ఒంటరి మహిళ, ముసలి దంపతులు చివరికి వస్తారు, లేదా పట్టా కాగితంతోనే మిగిలిపోతారు.

ఒకేసారి, ఒకే అర్హతతో, ఒకే కొలత ఇళ్లలోకి వేలమందిని పంపితే ఆ ఊరి వయసు ఎలా నడుస్తుందో చూడటానికి ప్రపంచంలో అందరికన్నా బాగా నమోదైన ఉదాహరణ అమెరికాలోని లెవిట్‌టౌన్. న్యూయార్కుకు తూర్పున, లాంగ్ ఐలాండ్‌లో బంగాళదుంప పొలాల మీద 1947 నుంచి 1951 వరకు 17 వేలకు పైగా ఇళ్లు ఒకే అచ్చులో కట్టారు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన యువ సైనికుల కుటుంబాలతో అది నిండింది; నల్లజాతివారిని రానివ్వకూడదన్న నిబంధనను ఒప్పందాల్లోనే రాసుకున్న ఊరు అది, ఆ మచ్చ చాలాకాలం పోలేదు. వచ్చినవారంతా ఒకే ఈడువారు కాబట్టి పిల్లలూ ఒకే ఈడువారయ్యారు, బళ్లు చాలలేదు. 1960లో, 1970లో 65 వేలు దాటిన జనాభా 2010 నాటికి 52 వేలకు దిగింది. ఇళ్లు ఎక్కడికీ పోలేదు. పిల్లలు పెరిగి వెళ్లిపోయారు, తల్లిదండ్రులు అక్కడే ముసలివారయ్యారు.

లెవిట్‌టౌన్‌కీ గుంకలాంకీ పోలిక పూర్తిగా కుదరదని ఒప్పుకోవాలి. అక్కడ ప్రతి ఇంటికీ స్థలం పుష్కలం. యజమానులు గదులు కలుపుకున్నారు, మేడలు వేసుకున్నారు. కారు ఉంది, బ్యాంకు రుణం ఉంది, నాలుగు పదుల కిలోమీటర్ల దూరాన కావలసినంత ఉద్యోగం ఉంది. ఇక్కడ ఇవేవీ లేవు. వయసు విషయంలో మాత్రం పాఠం ఒకటే. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటు స్త్రీ జీవితకాలంలో కనే పిల్లల సంఖ్య 1.7. అంటే మనం ఇంటికి నలుగురని లెక్కగట్టిన అంకె ఇక పెరిగేది కాదు. ముప్పై, నలభై ఏళ్ల వయసులో పట్టా అందుకున్న తల్లి ఇప్పుడు బడి కావాలంటోంది. ఇరవై ఏళ్ల తర్వాత ఆమెకు కావలసింది నడిచి వెళ్లగలిగే ఆరోగ్య కేంద్రం, పింఛను ఇచ్చే చోటు, పిల్లలు పంపే డబ్బు తీసుకునే బ్యాంకు. పిల్లలు హైదరాబాదులో ఉంటారు. 397 ఎకరాల నక్షాలో ఈ రెండో దశకు చోటు వదిలారా అన్నది ఇప్పుడే అడగాలి, ఎందుకంటే అప్పటికి ఖాళీ జాగా మిగలదు.

ఇవన్నీ తేలాలంటే ముందు జనం లెక్క తేలాలి. 2021లో జరగవలసిన జనగణన జరగలేదు. గుంకలాం లేఅవుట్ పుట్టిందే ఆ సమయంలో కాబట్టి దేశపు జనాభా పట్టికలో దానికి ఇప్పటిదాకా అస్తిత్వమే లేదు. పంచాయతీలకు వచ్చే ఆర్థిక సంఘం నిధుల పంపకానికి 15వ ఆర్థిక సంఘం ఆధారంగా తీసుకున్నది 2011 జనాభా. అంటే పొలాలూ తోటలూ బంజరూ ఉన్న నాటి గుంకలాం జనాభా లెక్కన నిధులు, పట్టణమంత కాలనీకి సరిపడా చెత్త, నీరు, వీధి దీపాల బాధ్యత. దీన్ని ఒక పంచాయతీ కార్యాలయం మోయగలదని ఎవరైనా నిజంగా నమ్మి ఉంటారని నేను అనుకోను.

తదుపరి జనగణనకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. దానికి ముందు, 2026 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు మధ్య ఇళ్ల జాబితా దశ. ఆ దశలో ఎన్యూమరేటరు ఇంటింటికీ వెళ్లి, కాపురం ఉన్న ఇల్లు, తాళం వేసిన ఇల్లు, ఖాళీ ఇల్లు, నివాసంతోపాటు దుకాణం నడుస్తున్న ఇల్లు అని వేరువేరుగా రాసుకుంటారు. గృహనిర్మాణ శాఖ మూడు గడుల్లో చెప్పలేకపోయిన సంగతిని ఈ నాలుగు గడులు చెబుతాయి. ముఖ్యంగా చివరి గడి. ఒక కాలనీలో టిఫిన్ బండి, టైలరింగ్ మిషను, సైకిల్ షాపు, ట్యూషన్ గది ఎన్ని వెలిశాయో చూస్తే, అక్కడ పని పుట్టడం మొదలైందా లేదా అన్నది తేలుతుంది. సెంటు స్థలంలో ముందు గది దుకాణమైతే కాపురానికి మిగిలేది ఒక్క గది అన్నది వేరే సంగతి. అందుకే పక్క పక్క ప్లాట్లున్న అన్నదమ్ములో తల్లీకూతుళ్లో వాటిని కలిపి కట్టుకుంటామంటే, ఎవరూ రానన్న ప్లాటును పక్కింటివారికి కేటాయించమంటే, నిబంధనల పేరుతో అడ్డుపడకూడదని నా అభిప్రాయం. పన్నెండు వేల ప్లాట్లు తొమ్మిది వేల ఇళ్లయినా ఫరవాలేదు, అవి నిండితే.

ఆ తర్వాత వచ్చే చిక్కు హోదా. జనాభా 5,000 దాటి, పురుష శ్రామికుల్లో 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉండి, చదరపు కిలోమీటరుకు 400 మంది ఉంటే ఆ ఊరిని జనగణన పట్టణంగా గుర్తిస్తుంది. గుంకలాంలో సగం ఇళ్లు నిండినా ఈ మూడు షరతులూ తీరతాయి. కాని జనగణన పట్టణం అన్నది గణాంకాల్లో పేరు మాత్రమే. అది పురపాలక సంఘాన్ని తెచ్చిపెట్టదు. పాలన పరంగా ఆ ఊరు పంచాయతీగానే ఉంటుంది. అప్పుడు మిగిలే దారులు రెండు: విజయనగరం నగరపాలక సంస్థలో కలపడం, లేదా నెల్లిమర్ల లాగా నగర పంచాయతీగా విడిగా నిలబెట్టడం.

కలిపితే కుళాయి, చెత్తబండి, సిటీ బస్సు మీద హక్కు వస్తుంది, దాంతోపాటు పట్టణపు ఇంటిపన్నూ వస్తుంది. పాత గుంకలాం గ్రామస్థులకు గ్రామీణ ఉపాధి పని పోతుంది. అసలు ఊరివారికీ లేఅవుట్‌కు వచ్చినవారికీ మధ్య తగువు అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే ఒకరు కోల్పోయేదీ మరొకరు పొందేదీ ఒకే జీవోలో ఉంటాయి. పైగా లేఅవుట్ నిండిన రోజున పంచాయతీ ఓటర్లలో పాత ఊరు అల్పసంఖ్యాకమవుతుంది. సర్పంచి ఎన్నిక, చెరువు నీరు, శ్మశానం, గ్రామదేవత పండగ ఖర్చు దాకా ఈ మార్పు పాకుతుంది. లేఅవుట్ కోసం భూములిచ్చిన, కోల్పోయిన ఊరితో ఈ మాటలు ముందుగా మాట్లాడి, బస్సు వేళలూ బడి తరగతులూ స్థిరపడేదాకా పాత గ్రామాన్ని పంచాయతీగానే ఉంచి, లేఅవుట్‌ను మాత్రం విడదీసి నగరపాలక సంస్థలో కలపడం నాకు తోస్తున్న మార్గం. దీనికి సరిహద్దుల సవరణ కావాలి, జనగణన పూర్తయ్యేదాకా పాలనా సరిహద్దులు కదలవు కాబట్టి 2027 మార్చి తర్వాతే అది సాధ్యం. ఈలోగా చేయగలిగిన పని ఒకటుంది: లేఅవుట్‌లో కాపురం ఉన్న ఇళ్ల సంఖ్యను కలెక్టరేట్ నెలనెలా సచివాలయం సిబ్బంది చేత తీయించి, పూర్తయిన ఇళ్ల సంఖ్య పక్కనే ప్రకటించడం.